బోణీ

మా అమ్మకు నేను ఒక్కణ్ణే కొడుకుని,
అయినా రెండోవాణ్ణి.

ఆ సంగతి నాకు ఏడో ఏట తెలిసింది,
ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద,
చీకటి ఇంకా విడవని ఐదింటి వేళ.
యారాడ కొండ మీది దీపం తిరిగినప్పుడల్లా
గంపలో కానాగడతలు ఒక్కసారి మెరిసి ఆరిపోయేవి.
మొదటి బేరం తెగగానే
ఆ డబ్బు కళ్ళకద్దుకుని
అమ్మ రొంటిన దోపుకునేది కాదు.
మూత సొట్టపోయిన బిస్కెట్ డబ్బాలో వేసేది.
"ఇది ఆయనది" అనేది,
పక్కింటి వాళ్ళ అప్పు తీర్చినంత మామూలుగా.

మిగతా రోజంతా బేరమే.
ఐసు దగ్గర బేరం, ఆటో దగ్గర బేరం,
పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల దగ్గర
రూపాయికి పది మాటలు.
బోణీ దగ్గర మాత్రం నోరెత్తేది కాదు.
కొన్నవాడు ఎంతిస్తే అంత.

వేట నిషేధం రెండు నెలలూ
ఇంట్లో గంజి పలచబడేది.
అటక మీద డబ్బా బరువు తగ్గేది కాదు.
ఒక మధ్యాహ్నం స్టూలెక్కి
అందులోంచి పది రూపాయలు తీశాను.
పుస్తకానికి కాదు, ఆకలికీ కాదు.
ఒక్కసారి
ఆయన కంటే ముందు నిలబడాలని.

కొట్టలేదు.
గడప మీద కూర్చుని
వల కుట్టే దారం పంటితో తెంపి,
"నువ్వు తీసింది డబ్బు కాదురా తీతూ,
వరస తప్పించేవు.
వరస తప్పితే నానెవరో నువ్వెవరో
తెలీకుండా పోతాది" అంది.

నాకు అర్థం కాలేదు.
ఆదివారం రేకుల మందిరంలో
అందరూ చేతులెత్తి పాడుతుంటే
నేను పెదాలు కదిపాను, అంతే.
నా తల్లిని నాకంటే ముందే తీసేసుకున్నవాడికి
నేనెందుకు పాడాలి?

పద్దెనిమిదేళ్ళ తర్వాత
గోపాలపూర్ దాటాక ఇంజను ఆగింది.
తుఫాను మమ్మల్ని ఆరు రోజులు నమిలింది.
నాలుగో రాత్రి
బండెమ్మ కొడుకు పోలరాజు
కొట్టుకుపోతున్న నీళ్ళ క్యాను అందుకోబోయి
అలలోకి పోయాడు.
నా చేతిలో అతని చొక్కా జేబు మిగిలింది.

ఆ ఆరు రోజులూ అమ్మ ఏం చేసిందో
తర్వాత పేటంతా చెప్పింది.
మొక్కుకోమన్నారట.
కొడుకొస్తే ఇదిస్తాను, అది మానేస్తాను అని
మాటివ్వమన్నది మందిరంలో వాళ్ళేనట.
అమ్మ ఇసకలో కూర్చుని
"బోణీ కాడ బేరమాడను" అందట.
"ఆడొచ్చినా ఆయనే ముందు. ఆడు రాకపోయినా..."
అక్కడ ఆగిపోయిందట.
ఆ మాట పూర్తయ్యేసరికి తెల్లారిందట.
ఏమని పూర్తిచేసిందో ఎవరూ వినలేదు,
హోరు ఎక్కువగా ఉందన్నారు.

నేను దిగినప్పుడు ఆమె పరుగెత్తుకు రాలేదు,
మోకాళ్ళు లేవలేదు.
నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని
ఉప్పు పొక్కులన్నీ తడిమి తడిమి,
"పోలిగాడేడీ?" అంది.
జెట్టీ మీద ఐసు మిల్లు చప్పుడు తప్ప
ఇంకేం లేదు.

సాయంత్రం కృతజ్ఞత కూటం పెట్టారు.
అమ్మ వెళ్ళలేదు.
డబ్బా చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని
బండెమ్మ గుమ్మంలో కూర్చుంది.
లోపల పైడితల్లమ్మ పటం కింద
దీపం ఎవరూ వెలిగించలేదు.
అమ్మ ఏ మాటా చెప్పలేదు.
డబ్బా ఆమె ఒళ్ళో పెట్టింది.
"అది ఆయన డబ్బు కదమ్మా" అన్నాను మెల్లగా.
"ఆయనది గనకే" అంది.
కాసేపాగి నా వైపు చెయ్యి చూపించి
"ఈడు కూడా" అంది బండెమ్మతో.

అప్పటినుంచీ నా పాలు చేపల్లో మొదటిది
బండెమ్మ ఇంటికి పోతుంది.
ఆమె నన్ను తిట్టిన రోజులున్నాయి,
తలుపు తీయని రోజులున్నాయి.
గుమ్మంలో పెట్టి వస్తాను.

అమ్మకు ఇప్పటికీ నేను రెండోవాణ్ణే.
మొదటివాణ్ణే అయ్యుంటే
ఆ ఆరు రోజుల్లో ఆమెలో ఏం మిగిలేదో
అనుకుంటే భయమేస్తుంది.

ఒక్కోసారి జెట్టీ మీద చీకట్లో అడుగుతాను,
ఆ తెల్లారి ఇసకలో ఆ మాట ఎలా ముగించావని.
గంప దించుకుంటూ,
కొండ మీది దీపం తన మీదుగా దాటి పోయేదాకా ఆగి,
"ముందు బోణీ కానీరా" అంటుంది.